మూడో వైరు లేని పొయ్యి

ఎవరింటికి వెళ్ళినా నా చూపు ముందు గోడల మీదికి పోతుంది. పటాలు చూడను, ప్లగ్గులు చూస్తాను. మిక్సీ వైరుకు అతుకు కనిపిస్తే, అది పెళ్ళిచూపులకు వెళ్ళిన ఇల్లయినా సరే, నా నోరు ఊరుకోదు. "ఈయనకు కాఫీ ఇస్తే కప్పుకు ఎర్త్ ఉందా అని అడుగుతాడు" అని మా బంధువులు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. అనుమానం పెనుభూతమంటారు, నిజమే. కానీ ఆ భూతం నాకు జీతమిచ్చి పోషించింది.

కువైట్‌లో నా ఉద్యోగమే అది. షర్క్‌లో చేపల మార్కెట్టు వెనక సందులో ఇంటి సామాను బాగుచేసే వర్క్‌షాపు ఉండేది. ఫ్రిజ్జులు, వాషింగ్ మెషీన్లు, ఇస్త్రీపెట్టెలు, కెటిళ్ళు వచ్చేవి. బాగుచేసేవాళ్ళు నలుగురు, ఐదోవాణ్ణి నేను. నాది ఆఖరి బల్ల. వాళ్ళు బాగుచేసి పంపిన ప్రతి వస్తువూ నా బల్ల మీదికి వచ్చి, నేను పరీక్షించి పచ్చ చీటీ కడితేనే గడప దాటాలి. తేడా ఉంటే ఎర్ర చీటీ కట్టి వెనక్కి పంపేవాణ్ణి. వైరు ఊడి వస్తుందేమోనని పట్టి లాగేవాణ్ణి. ప్లగ్గు విప్పి ఫ్యూజు చూసేవాణ్ణి. కాలిపోయిన ఫ్యూజుకు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి మళ్ళీ బిగించే ఘనులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అన్నీ అయ్యాక ఎర్త్ చూసేవాణ్ణి.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వైరులో మూడు తీగలుంటాయి. రెండు కరెంటును తెచ్చి తీసుకుపోయేవి. మూడోది ఎర్త్. అది మామూలు రోజుల్లో ఏ పనీ చెయ్యదు. అది లేకపోయినా పొయ్యి వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. ఏనాడైనా లోపల తీగ జారి రేకు బాడీకి తగిలితే, ఆ కరెంటు మనిషి ఒంట్లోకి పోకుండా తనగుండా నేలలోకి దింపేస్తుంది. ఏ పనీ చెయ్యడం లేదు కదా అని దాన్ని తీసేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండేది. నాతో పనిచేసేవాళ్ళు నన్ను చాదస్తుడనేవాళ్ళు. మలయాళీ సూపర్‌వైజరు మాత్రం, "నీ చేతి మీదుగా వెళ్ళిన సామాను గురించి నాకు ఫోన్ రాదు" అనేవాడు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. నాలుగైదు రోజులు గది దాటలేదు. తర్వాత నా పనిముట్ల సంచి తెచ్చుకుందామని షాపుకు వెళ్ళేసరికి ముందు లారీ ఆగి ఉంది. సైనికులు సామానంతా ఎక్కిస్తున్నారు. ఎక్కించనీ, నా సొమ్మేం పోయింది. కానీ ఎర్ర చీటీల అర మీద ఉన్న ఒక వాషింగ్ మెషీన్‌ను కూడా ఎత్తారు. దాని బాడీకి కరెంటు దిగుతోందని చీటీ కట్టింది నేనే. ఊరుకోలేకపోయాను. చీటీ చూపించి, "హాదా ఖరాబ్. కహరబా," అన్నాను, ఇది చెడిపోయింది, కరెంటు కొడుతుంది అని. ఒకడు నవ్వాడు. ఇంకొకడు తుపాకీ మడమతో నన్ను పక్కకు తోశాడు. చీటీ తెంపి రోడ్డు మీద పడేశాడు. లారీ వెళ్ళిపోయింది. బస్రాలోనో ఇంకెక్కడో ఒక ఇల్లాలు తడి చేతులతో దాని మూత తీస్తుంది కదా అని నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. మొగుడు దోచుకున్నాడు సరే, ఆమె ఏం పాపం చేసింది?

నేను అబూ హలీఫాలో మా కడప జిల్లావాళ్ళతో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. నా భార్య రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. యుద్ధానికి ముందు శుక్రవారం శుక్రవారం వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. యుద్ధం వచ్చిననాడు ఆమె కఫీల్, అంటే ఆ ఇంటి యజమాని, దేశం బయట ఉన్నాడు. ఇంట్లో మామా, అంటే యజమానురాలు, ఆమె ముగ్గురు చిన్నపిల్లలు, మంచం పట్టిన అత్తగారు, నా భార్య. నా భార్య పాస్‌పోర్టు కఫీల్ ఆఫీసు బీరువాలో ఉండిపోయింది. మా గదివాళ్ళు ఒక్కొక్కరే బాగ్దాదు మీదుగా జోర్డాను దారి పట్టారు. నన్నూ రమ్మన్నారు. ఆమెను వదిలి ఎట్లా పోతాను?

దేశం లోపల ఫోన్లు పనిచేసేవి. మా బిల్డింగు కాపలాదారు గదిలోంచి రోజూ సాయంత్రం ఆమెకు చేసేవాణ్ణి. ఒకనాడు ఆమె అంది:

"ఇంట్లో గ్యాసు ఖలాస్ అయిపోయింది. బండ దొరికేట్టు లేదు. చిన్నపిల్లకు పాలు కాంచేదానికి గూడా లేదు. మామా ఏడుస్తాంది."

"దిగులు పడాకు. కరెంటు పొయ్యి చేసి పంపిస్తా," అన్నాను.

కరెంటు మాత్రం ఇంకా వస్తోంది. నా సంచిలో గాడులున్న మట్టి పలక ఒకటి, కాయిలు చుట్ట ఒకటి ఉన్నాయి. నూనె డబ్బా రేకు కత్తిరించి బాడీ చేశాను. కాయిలు గాడుల్లో కూర్చోబెట్టాను. ఇక వైరు కావాలి. గదిలో వెతికితే, వెళ్ళిపోయినవాళ్ళు వదిలేసిన పాత ఫ్యాను వైరు దొరికింది. లావు సరిపోతుంది. కానీ అందులో రెండే తీగలు. ఎర్త్ లేదు.

మూడు తీగల వైరు గదిలో ఇంకొక్కటే ఉంది. నా ఇస్త్రీపెట్టెది. దాన్ని కొయ్యడానికి మనసొప్పలేదు. కారణం చెబితే నవ్వుతారు. చెక్‌పోస్టుల దగ్గర మాసిన బట్టలవాణ్ణి అడిగే ముందే కొడుతున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాణ్ణి కొట్టే ముందు ఒక మాట అడుగుతున్నారు. అందుకని ఆ ఇస్త్రీపెట్టె నాకు ప్రాణరక్ష అనిపించింది. కింద రొట్టెల వ్యాను హారన్ మోగుతోంది. నిజామాబాదు దిక్కు డ్రైవరు ఒకతను బేకరీ రొట్టెలు రుమైథియా దాకా వేసేవాడు. రొట్టెల బండిని సైనికులు వదిలిపెట్టేవాళ్ళు. ఈ పూట పంపకపోతే మళ్ళీ ఎప్పుడో తెలియదు. రెండు రోజుల్లో మంచి వైరు సంపాదించి మార్చేస్తాలే అనుకుని, రెండు తీగలే బిగించి పొయ్యి అతని చేతికిచ్చాను.

నా బల్ల మీదికి ఎవరైనా అట్లాంటి పొయ్యి తెచ్చి ఉంటే ఎర్ర చీటీ కట్టడమే కాదు, నాలుగు తిట్టి పంపేవాణ్ణి.

ఫోన్లో నా భార్యకు ఎర్త్ సంగతి చెప్పలేదు. భయపడుతుందని చెప్పలేదనుకున్నాను. అసలు సంగతి, చెప్పడానికి సిగ్గేసింది. "జాగ్రత్త, పిల్లల్ని దగ్గరికి రానీయాకు," అని మాత్రం అన్నాను.

రెండు రోజులు రెండు వారాలయ్యాయి. మంచి వైరు దొరకలేదని పైకి అనుకునేవాణ్ణి. దొరకాల్సిన అవసరమే లేదు, ఇస్త్రీపెట్టె ఎదురుగానే ఉంది. డ్రైవరుతో వైరు పంపితే బిగించడం ఆమెకు రాదు, అతనికీ రాదు. నేనే వెళ్ళాలి. మా పక్క గది మనిషిని చెక్‌పోస్టు దగ్గర దింపేసి రెండు రోజుల తర్వాత వదిలారు. అతను ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, చేతులు తొడల మధ్య పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. నేను భయపడ్డాను. అంతకంటే వేరే కారణమేమీ లేదు.

ఇటు చూస్తే ఈ భయం, అటు చూస్తే ఆ భయం. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే, ఇప్పుడు ఆమె గిన్నె దించుతుంటుంది అనిపించేది. స్నానానికి నీళ్ళు పోసుకుంటే, ఆమె చేతులు తడిగా ఉంటాయేమో అనిపించేది. కాయిలు వేడికి సాగుతుంది. సాగితే గాడిలోంచి లేస్తుంది. లేస్తే రేకుకు తగులుతుంది. ఈ మూడు మాటలూ జపంలా తిరిగేవి. సాయంత్రం ఫోన్లో ఆమె గొంతు వినేదాకా కాపలాదారు గది ముందే తిరుగుతూ ఉండేవాణ్ణి.

"పొయ్యి ఎట్లుంది?" అని అడిగేవాణ్ణి.

"బాగుంది. అన్నం, పాలు, అన్నీ అయితాండాయి."

"ఏమీ లేదు కదా?"

"ఏముంటాది? ఊరికే అదే అడుగుతావు."

ఒకరోజు పొద్దున డ్రైవరు రొట్టెలు ఇవ్వడానికి వచ్చి, వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు చేసిచ్చిన పొయ్యి మంచిగ లేదే," అన్నాడు. "నిన్న వదినె చాయ్ పోస్తనన్నది. నేనే గిన్నె దించుదామని పట్టుకున్న. జిల్లుమన్నది. భుజం దాంక గుంజింది."

"ఆమెకు గూడా కొడ్తాందా?"

"తెల్వదు. నన్నయితే అన్నకు చెప్పకుమన్నది. చెప్పకపోతె నాకు రాత్రంత నిద్ర వట్టలే."

చెప్పొద్దు అందంటే ఆమెకూ తగులుతోందన్నమాట. నా పనితనం తప్పని నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక దాస్తోందనుకున్నాను. ఇంతకాలం ఊరందరికీ శ్రీరంగ నీతులు చెప్పి, చివరికి కంచే చేను మేసినట్టు చేశాను. "సామీ, ఒక్క అరగంట ఆగు. నేనూ వస్తా," అన్నాను.

ఇస్త్రీపెట్టె వైరు కోశాను. చివరిసారి ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కున్నాను. తీగలతో పట్టుబడితే బాంబులు చేసేవాడివంటారు. అందుకని వైరును మొలతాడులాగా నడుముకు చుట్టుకుని చొక్కా దించుకున్నాను. చిన్న టెస్టర్ ఒకటి, స్క్రూడ్రైవరులా ఉండేది, జేబులో పెట్టుకున్నాను. కటింగ్ ప్లయర్ తీసుకోవడానికి ధైర్యం చాలలేదు.

రెండు చెక్‌పోస్టులు రొట్టెల వాసనతోనే దాటేశాం. రుమైథియా ఇంకా రెండు మలుపుల దూరం ఉందనగా మూడోది. సైనికుడు ట్రేల కింద చూశాడు, నన్ను దిగమన్నాడు, జేబులు తడిమాడు. టెస్టర్ దొరికింది.

"షినూ హాదా?" ఇదేమిటని అడిగాడు.

"కహరబాయీ," అన్నాను, కరెంటు పనివాణ్ణని.

కొట్టేస్తాడనుకున్నాను. అతను తన పైవాణ్ణి పిలిచాడు. ఆ వచ్చినవాడు నా చొక్కా చూసి, నా ముఖం చూసి, రమ్మని వేలు ఊపాడు. ఒక ఇంటి ప్రహరీ నీడలో వాళ్ళు కెటిల్ పెట్టుకున్నారు. గేటు పక్క సాకెట్లోంచి కరెంటు లాగారు. కెటిల్ వైరుకు ప్లగ్గు లేదు. కింది కంతలు తెరుచుకునేలా సాకెట్టు పై కంతలో అగ్గిపుల్ల పొడిచి, కింది రెండు కంతల్లో రెండు తీగలు గుచ్చారు. మూడో తీగ గాలిలో వేలాడుతోంది. అచ్చం మా ఊరి విద్యే. చాయ్ పోసుకోబోతే కొడుతోందట, బాగుచెయ్యమన్నాడు.

రెండు నిమిషాల్లో ఏదో చేసినట్టు నటించి పోవచ్చు. నా చేతులు అట్లా పోనియ్యలేదు. పక్కనే ఎవరింట్లోంచో తెచ్చిన టీవీ ఒకటి పడి ఉంది. దాని ప్లగ్గు అడిగి, వాళ్ళ కత్తితోనే కోసి, టెస్టర్ మొనతో స్క్రూలు విప్పి, కెటిల్ వైరు మూడు తీగలూ బిగించాను. వంగినప్పుడల్లా నడుము దగ్గర వైరు జారుతోంది. మోచేత్తో అదిమిపెట్టుకుంటూ చేశాను. చెమట కళ్ళలోకి దిగింది. గంటసేపు పట్టింది. కెటిల్ మీద నా చేయి పెట్టి చూపించాను. పైవాడు తల ఊపి, "యల్లా," అన్నాడు, ఇక పొమ్మని.

వ్యాను కదిలాక నాకు ఏడుపొచ్చింది. తుపాకీవాడి కెటిల్‌కు ఎర్త్ కట్టాను. పెళ్ళాం పొయ్యికి కట్టలేదు.

"ఊకో అన్నా, వచ్చేసినం," అన్నాడు డ్రైవరు. పొద్దు నడినెత్తికొచ్చింది. ఆమె వంట చేసే వేళ.

వెనక గేటు తీసింది మామా. నన్ను చూసి వంటింటి వైపు చూపించింది. గుమ్మంలోకి వెళ్ళి ఆగిపోయాను. నేల మీద పొయ్యి. దాని చుట్టూ బొగ్గుతో గుండ్రంగా గీత. పిల్లలు ముగ్గురూ ఆ గీతకు బారెడు దూరంలో కూర్చుని ఉన్నారు. నా భార్య ఖర్జూరం పెట్టె మూత చెక్క మీద నిలబడి ఉంది. కాళ్ళకు హవాయి చెప్పులు. చేతిలో పొడవాటి చెక్క గరిటె. ఆమె మొదట గోడ మీది స్విచ్చి ఆపింది. తర్వాత ప్లగ్గు పీకింది. పొడి గుడ్డతో చేతులు తుడుచుకుంది. అప్పుడు గిన్నె దించింది. ఒక్కటి కూడా ముందు వెనకలు కాలేదు. ఎర్త్ ఒక్కటి తప్ప, నా బల్ల దగ్గర నేను చెప్పేవన్నీ ఎవరూ చెప్పకుండానే ఆమె చేస్తోంది. అట్లా చెయ్యడం నేర్చుకునే ముందు ఎన్నిసార్లు తగిలి ఉంటుందో ఆలోచించడానికే భయమేసింది.

ఆమె తిరిగి నన్ను చూసింది. ముఖంలో సంతోషం లేదు.

"ఏమిటికొచ్చినావు?" అంది.

"పొయ్యి బాగుచేద్దామని."

"ఆయప్ప చెప్పేసినాడా? చెప్పాకు అని అంత చెప్తిని."

పక్కకు జరిగింది. నేను నడుముకున్న వైరు విప్పాను. పాత వైరు తీసేశాను. కాయిలు ఒకచోట లేచి రేకుకు ఆనుకుని ఉంది, నేను లెక్కవేసుకున్నట్టే. దాన్ని గాడిలోకి నొక్కి, మూడు తీగలూ బిగించి, మూడోదాన్ని రేకుకు గట్టిగా మెలేశాను. స్విచ్చి వేసి టెస్టర్ పెట్టాను. దీపం వెలగలేదు. నా చేతి వెనక భాగం ఆనించాను. ఏమీ లేదు. "పట్టుకో, భయం లేదు," అన్నాను. ఆమె పట్టుకుంది. కుడి చేతి రెండు వేళ్ళ కొసలు నల్లగా గట్టిపడి ఉన్నాయి.

"ఎన్ని రోజుల నుంచి కొడ్తాంది?"

"మొదటి రోజు నుంచే."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఆమాత్రం నా మీద నమ్మకం లేదా?" గొంతు పెద్దదైంది. తప్పు నాదై ఉండి ఆమె మీద అరుస్తున్నానని తెలుస్తూనే ఉంది.

ఆమె పిల్లల వైపు చూసి గొంతు తగ్గించింది.

"చెప్తే వస్తావని. ఈ పొయ్యి సంగతి నాకు ఎరుకే. కొడ్తాది, వదిలేస్తాది. దావలో వాళ్ళు పట్టుకుంటే వదుల్తారా? పొయ్యి జుమ్మన్నప్పుడంతా, సరేలే, మా ఆయనకు ఇంకా తెలీలేదు, గదిలోనే ఉండాడు అనుకుంటాంటి. ఇప్పుడు ఇది కొట్టదు. నువ్వేమో మళ్ళా అదే దావన పోవల్ల."

షాపు నుంచి వస్తువు బయటికి వెళ్ళేటప్పుడు దానివల్ల ఎవరికి ఏ ముప్పు వస్తుందో లెక్కగట్టడమే నా పని. ఆమె తన ఇంట్లో ఆ లెక్క కట్టి, ముప్పును తనవైపు పెట్టుకుంది. నేను వచ్చి దాన్ని తీసి మళ్ళీ రోడ్డు మీద పెట్టాను. మామా ఇద్దరికీ అన్నం పెట్టమంది. రెండు ముద్దలు తిన్నాను. బయట డ్రైవరు తొందరపెట్టాడు, ఖాళీ బండిని సాయంత్రమైతే వదలరని.

"చేరినాక ఫోను చెయ్యి," అంది.

తిరుగుదారిలో మొదటి చెక్‌పోస్టు దగ్గర మనుషులు మారారు. కెటిల్ సంగతి తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఖాళీ ట్రేలన్నీ కింద పడేసి వెతికారు, మమ్మల్ని ఎండలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు, నా చొక్కా చించారు, టెస్టర్ తీసుకున్నారు. చివరికి ఎందుకో వదిలేశారు. అబూ హలీఫా చేరేసరికి చీకటి పడింది. కాపలాదారు ఊళ్ళోకి వెళ్ళాడు, ఫోనున్న అతని గదికి తాళం వేసి ఉంది. అతను వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను.

ఫోన్ ఒక్క గంట కూడా పూర్తిగా మోగలేదు, ఎత్తింది.

"వచ్చేసినా," అన్నాను.

ఆమె గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. "సరే, పెట్టెయ్యి. పిల్లలకు పాలు కాంచల్ల," అంది.

"ఇంతసేపూ కాంచలేదా? పొయ్యి మళ్ళీ ఏమన్నా అయిందా?"

"పొయ్యికేం, బాగుంది," అంది. "నువ్వు చేరినావని తెలిసేదాకా నాకు దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు."